శుక్రవారం ఆరుంబావు

శనివారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పాకాలలో కరెంటు ఉండదని లైన్‌మన్ వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చెట్టుకొమ్మలు కొడతారట, పాత తీగలు మారుస్తారట. వీధిలో వాళ్ళంతా ట్యాంకులో నీళ్ళు నింపుకోవాలి, పిండి ముందే రుబ్బుకోవాలి అనుకుని ఊరుకున్నారు. పంకజాక్షి మాత్రం ఆ మెసేజీ చదవగానే లేచి వెళ్ళి గోడకున్న చార్జరు సరిగ్గా ఉందో లేదో చూసుకుంది. ఆమె ఇంట్లో ఉన్న డైరీ మిషను కరెంటు లేకుండా నాలుగు గంటలకు మించి బతకదు.

ఆ మిషను ఆమె మొగుడు బాలచంద్రది. అరచేతిలో ఇమిడిపోతుంది. ఇప్పటి పిల్లలు చూస్తే పాడైపోయిన ఫోననుకుంటారు గానీ ఫోను కాదు. మాట్లాడదు, పాటలు పాడదు. పుల్లలాంటి ప్లాస్టిక్ కలంతో అద్దం మీద గీస్తే అక్షరాలుగా మార్చుకుని దాచుకుంటుంది, అవీ ఇంగ్లీషు అక్షరాలే. బాలచంద్ర మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి కాయలు కొనే ఉద్యోగం చేసేవాడు. దామలచెరువు, కల్లూరు, బంగారుపాళెం చుట్టుపక్కల ఏ తోటలో ఎన్ని చెట్లు, ఏ చెట్టు ముందు పూసింది, ఏ రైతు మాట మీద నిలబడతాడు, ఏ రైతు తోటలో కుక్కలు కరుస్తాయి, అన్నీ తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో అందులో రాసుకునేవాడు. అతను పోయి పదహారేళ్ళయింది.

ఆ కాలపు మిషన్లకు ఒక పాడు గుణం ఉంది. అందులో రాసుకున్నదంతా బ్యాటరీ ఉన్నంతసేపే. బ్యాటరీ పూర్తిగా అయిపోతే, మళ్ళీ చార్జి పెట్టినప్పుడు మిషను లేస్తుంది గానీ అప్పుడే పుట్టిన బిడ్డలా లేస్తుంది. పాత ముచ్చట ఒక్కటీ గుర్తుండదు. ఈ సంగతి బాలచంద్రే ఒకసారి చెప్పాడు కాబట్టి, అతను పోయిన మూడోరోజు, ఇంటి నిండా ఏడుపులున్నప్పుడే పంకజాక్షి లేచి వెళ్ళి, అతని సంచీతో పాటు ఇల్లు చేరిన దాన్ని తీసి చార్జికి పెట్టింది. చూసినవాళ్ళు పిచ్చెక్కిందన్నారు. అప్పట్నుంచి కంటికి రెప్పలా కాపాడుతూనే ఉంది. మొదట్లో ఒకసారి చార్జి పెడితే పదిహేను రోజులు వచ్చేది. తర్వాత వారం, తర్వాత రెండు రోజులు. ఇప్పుడు నాలుగు గంటలు. అందుకే అది ఎప్పుడూ దాని పీటమీదే ఉంటుంది. పీటంటే నిజం పీట కాదు, మిషనును నిలబెట్టే ప్లాస్టిక్ దిమ్మె. పండగలకు ఇల్లంతా దులిపినా దాన్ని కదిలించదు. ఆయుధపూజ నాడు కత్తిపీటకూ, కుట్టుమిషనుకూ పెట్టినట్టే ఆ దిమ్మెకూ గంధం, కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటుంది.

ఆమెకు తోటల సంగతులతో పని లేదు. అంగన్‌వాడీ టీచరు, సెంటరు పిల్లల గుడ్లూ పాలూ చూసుకోవడానికే పొద్దు చాలదు. ఆమెకు కావలసింది ఒక్కటే. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరుంబావుకు ఆ మిషను మోగుతుంది. తెరమీద, ఇంగ్లీషు అక్షరాల్లో, 'పంకజకి ఫోను' అని కనిపిస్తుంది.

అదెందుకు పెట్టాడంటే, పెళ్ళయిన కొత్తలో కాయల కాలం వచ్చిందంటే బాలచంద్ర పదేసి రోజులు ఇంటిముఖం చూసేవాడు కాదు. ఫోనైనా చెయ్యమంటే మర్చిపోయానని నవ్వేవాడు. "తోటలో వెయ్యి చెట్లుంటే వెయ్యీ గుర్తుంటాయి. ఉండే ఒక్క పెళ్ళాం గుర్తుండదు," అని ఆమె దెప్పితే, మరుసటి వారం ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిన ఈ మిషను తెచ్చి ఆమె ముందే గంట పెట్టాడు. శుక్రవారం ఆరుగంటలకు ఆమె దీపం పెడుతుంది, ఆరుంబావుకల్లా తీరుబడిగా ఉంటుంది. "ఎన్నాళ్ళకి పెట్టమంటావు?" అని అడిగాడు. "ఎప్పటికీ," అంది ఆమె. మిషన్లో నిజంగానే ఆ మాట ఉంది, వారం వారం, ఎప్పటికీ అని. అతను దాన్నే నొక్కాడు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం ఆమె దీపం పెట్టి, మిషను ముందు కూర్చుని, మోగిన మొదటి గంటకే కలంతో 'సరే' అన్నచోట తాకుతుంది. రెండో గంట మోగనివ్వదు. మొదటి గంటకే ఎందుకంటే దానికో కథ ఉంది, రైలెక్కాక చెబుతాను. ముందు ఇల్లు కదలాలి కదా.

"శుక్రవారం పూట ఇంటి వస్తువు గడప దాటిస్తావా?" అంది పక్కింటి నిర్మలమ్మ, పంకజాక్షి మిషనును తుండుగుడ్డలో చుడుతుంటే.

"నేనూ దాటతా ఉండాను గదక్కా దాంతోపాటు."

"నువ్వు రాత్రికి తిరిగొస్తావు. అది రాకపోతే?"

పంకజాక్షి తుండుగుడ్డకు ఇంకో ముడి వేసింది. తిరుపతిలో ధనంజయ ఉన్నాడు. బాలచంద్రకు బడిలో రెండేళ్ళు చిన్న. మద్రాసులో కంప్యూటర్ కంపెనీలో ఇరవయ్యేళ్ళు చేసి, విసుగొచ్చి, నిరుడు తిరుపతికి వచ్చి రిపేరు షాపు పెట్టుకున్నాడు. అంతకుముందు ఆమె ముగ్గురిని అడిగింది. ఒకడు ఇది ఇప్పటి కంప్యూటర్లకు ఎక్కదన్నాడు, ఒకడు మ్యూజియంలో పెట్టుకోమన్నాడు, మూడోవాడు ఫోటో తీసుకున్నాడు. ధనంజయ మాత్రం, "నా కంప్యూటర్లని నడిపించేది లైనక్సు వదినా. అది పాతోళ్ళని మర్చిపోదు. తీసుకోనిరా," అన్నాడు. ఇన్నాళ్ళూ వాయిదా వేసింది దాన్ని దిమ్మె మీంచి తియ్యాలంటే భయం వేసే. ఇప్పుడు శనివారం కరెంటు పోతే ఎలాగూ పోతుంది. ఈసారి తప్పించుకున్నా మరో కోతకు దొరుకుతుంది. అందులో ఉన్నదంతా తీసి కంప్యూటర్లో పెట్టించుకోవాలి, అదీ ఇవాళే.

రెండు గంటలకు ఇల్లు కదిలింది. రెండు నలభైకి రైలు. కిటికీ పక్కన కూర్చుని మిషనును ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద కప్పింది.

బాలచంద్ర పోయిన సంవత్సరం జూన్‌లో ఆమె తమ్ముడికి నగరిలో నిశ్చితార్థం. ఇద్దరం కలిసి పోదామని, ముందురోజే వెళ్ళి మగ్గాల వీధిలో చీర కూడా తీసుకుందామని బాలచంద్ర మాటిచ్చాడు. కాయలు తొందరపడి పండాయి. అతను రాలేదు, కబురూ చెయ్యలేదు. ఆమె పాత చీరతోనే ఒక్కతే బస్సెక్కి వెళ్ళింది. అక్కడ ప్రతివాళ్ళూ మీ ఆయనేడమ్మా అని అడిగేవాళ్ళే. మేనత్త కూతురు మాత్రం అడగకుండా నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, అతను రానందుకన్నా ఆ నవ్వే ఆమెకు గుచ్చుకుంది. మరునాడు శుక్రవారం. పాకాలకు తిరిగొచ్చి దీపం పెట్టింది. ఆరుంబావుకు ఫోను మోగింది. ఎత్తలేదు. పక్కనే కూర్చుని గంటలు లెక్కపెట్టింది. ఆగిపోయి మళ్ళీ మోగింది, మళ్ళీ ఎత్తలేదు. మూడోసారి చెయ్యి రిసీవరు మీద పెట్టింది కూడా. ఇంకొక్క గంట మోగితే ఎత్తుదామనుకుంది. ఆగిపోయింది. నాలుగోసారి మోగుతుందని రాత్రి దాకా చూసింది.

శనివారం తెల్లవారుజామున కాయల లోడుతో ఫ్యాక్టరీకి పోతున్న లారీ మలుపులో పల్టీ కొట్టింది. డ్రైవరు పక్కన బాలచంద్ర ఉన్నాడు.

పదహారేళ్ళుగా ఆమెకు తెలియనిది ఒక్కటే. అతను తనమీద కోపంతో పోయాడా? ఎవరిని అడిగినా ఛ, అతనికి కోపమెక్కడిదమ్మా అంటారు. వాళ్ళకేం తెలుసు. అప్పుడు మూడుసార్లు మోగినా ఎత్తని మనిషి ఇప్పుడు మొదటి గంటకే తాకుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని ఆమెకూ తెలుసు. కానీ ఇంకేం పట్టుకోవాలో తెలియదు.

చంద్రగిరిలో ఎదురు బండి కోసమని రైలును నలభై నిమిషాలు ఆపేశారు. షాపు చేరేసరికి నాలుగున్నర దాటింది. లీలామహల్ సర్కిల్ దగ్గర సందులో, ఒక మేడమెట్ల కింద ఉంది ధనంజయ షాపు. రెండు కుర్చీలు, నాలుగు కంప్యూటర్లు, గోడనిండా వైర్లు.

"రా వదినా. ఒళ్ళోనే పెట్టుకోని వచ్చినావా?"

"బ్యాగులో పెడితే యాడన్నా వొత్తుకుంటాదని."

"మంచి పని చేసినావు. చార్జరు ఇట్టియ్యి, ముందు తగిలిద్దాం."

ఆమె బ్యాగులోంచి దిమ్మె తీసింది. దిమ్మెకున్న వైరు తీసింది. నీళ్ళ సీసా, తువ్వాలు, మధ్యలో తిందామని తెచ్చుకుని తినని చక్కిలాల పొట్లం తీసింది. తర్వాత ఇంకేమీ రాలేదు. పదహారేళ్ళుగా గోడ నుంచి ఊడదీయని వస్తువు గోడకే ఉండిపోయింది.

ధనంజయ తన దగ్గరున్న చార్జర్ల కట్ట మొత్తం విప్పి ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఏ పిన్నూ ఆ రంధ్రంలో పట్టలేదు. తెరమీద బ్యాటరీ బొమ్మ సగానికంటే కిందికి దిగి ఉంది. ఆమె మొహం చూసి, "భయపడొద్దు. తెర ఆర్పి పెట్టు. ఇంకా గంటన్నర, రెండు గంటలు ఉంటాది. మనకు కావల్సింది రెండు నిమిషాలే," అన్నాడు.

మాటలు మోసేదే గానీ చార్జి ఎక్కించని దిమ్మె వైరును కంప్యూటరుకు తగిలించి, నల్లటి తెరమీద ఏదో గబగబా కొట్టడం మొదలుపెట్టాడు. చేతులు పనిచేస్తుంటే నోరు ఊరుకోదు అతనికి.

"ఈ కంప్యూటరు వాకిట్లో ఒకాయన కూర్చోనుంటాడు వదినా. ఎవురొచ్చి తగులుకున్నా, ఎవురప్పా నువ్వు, ఏవూరు, నీ నంబరెంత అని అడగతాడు. ప్రతి మిషనుకీ ఒక నంబరుంటాది. ఈ కంపెనీవోళ్ళది 0830. ఇప్పుడు నేను ఆయనకి ఒక చీటీ రాసిస్తా ఉండా. ఈ నంబరోడు వస్తే ఆపొద్దు, ధనంజయకి కావల్సినోడు, తలుపు తీసి పంపించు, పేరు పైలట్ అని పెట్టి పిలువు అని. దీన్నే రూలంటారు. చీటీ లేకపోతే వచ్చినోడు వాకిట్లోనే నిలబడి ఎనిక్కి పోతాడు."

"ఎంతసేపు నిలబడతాడు?"

"ఎంతోసేపు ఉండడు. దిమ్మె మీద బటను నొక్కినప్పుడే ఈ మిషను పలకతాది. కొన్ని సెకండ్లు చూసి, ఎవురూ పలకలేదని మళ్ళీ పండుకుంటాది. నొక్కు చూద్దాం."

ఆమె నొక్కింది. మిషను చిన్నగా కూసి, కలుపుతున్నానని తెరమీద రాసుకుంది. కంప్యూటరు ఉలకలేదు, పలకలేదు. కాసేపటికి మిషను కుదరలేదని చెప్పి ఊరుకుంది. మళ్ళీ నొక్కింది. అదే వరస.

ధనంజయ చీటీలో ఒక మాట మార్చాడు. ఆ చీటీ ఉన్న ఫైలు పేరుకు ముందున్న నంబరు మార్చాడు. వాకిట్లో ఆయన్ను లేపి మళ్ళీ కూర్చోబెట్టాడు. వైరు పీకి వెనక తగిలించాడు, వేరే కంప్యూటరుకు తగిలించాడు. నెట్‌లో ఇరవయ్యేళ్ళ నాటి రాతలు వెతికాడు, ఏ దేశంలోనో ఎవరో ఇదే బాధ పడి రాసుకున్నవి. మొదట్లో ఉన్న మాటలు తగ్గిపోయాయి. గంట గడిచింది. ఆమె ప్రతిసారీ బటను నొక్కడం, నొక్కాక ఆ చిన్న కూత వినడం, బదులు రాకపోవడం. వాకిట్లో నిలబడి పిలిచి పిలిచి వెనక్కి పోతున్నవాడు ఆమెకు ఎవరిలా కనిపిస్తున్నాడో వేరే చెప్పాలా.

ఆరుకు పది నిమిషాలుందనగా బ్యాటరీ తక్కువైందని మిషను చెప్పింది.

"నా చీటీలో తప్పు లేదు," అన్నాడు ధనంజయ చివరికి, తనమీద తనకే కోపం వచ్చి. "వాకిట్లో ఆయన దాకా వీడు రావడమే లేదు." దిమ్మె చేతిలోకి తీసుకుని ట్యూబులైటు కింద వంచి చూశాడు. ఆగాడు. ఇంకా దగ్గరికి పెట్టుకున్నాడు.

"వదినా, ఇదేంది ఎర్రగా?"

"కుంకుమ."

"ఎవురు పెట్టినారు?"

"నేనే. ఆయుధపూజకి."

"ప్రతి ఏడూనా?"

"ఏడాదికి ఒకసారే గదా."

"పదహారుసార్లు వదినా," అన్నాడు ధనంజయ. అని నవ్వాపుకోలేకపోయాడు. పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది అతని పని. దిమ్మెలో, మిషను కూర్చునే చోట, వరసగా సన్నటి పిన్నులున్నాయి. కరెంటు ఎక్కేవి ఆ చివరా ఈ చివరా. కంప్యూటరుతో మాట్లాడేవి నడుమ ఉన్నవి. బొట్టు నడుమనే కదా పెడతారు. గంధం మీద కుంకుమ, దానిమీద మళ్ళీ ఏడు గంధం, అలా పొరలు పొరలుగా ఎండి గట్టిపడిపోయింది. "అన్నం తినే నోరు తెరిచే పెట్టినావు. మాట్లాడే నోరు మాత్రం మూసేసినావు."

ధనంజయ సరదాకే అన్నాడు. ఆమెకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇన్నేళ్ళూ దేవుడనుకుని దణ్ణం పెడుతూ తన చేత్తోనే దాని నోరు మూసింది. ఆ రోజు ఫోను ఎత్తకుండా చేసిందీ ఇదే పని. ఏడుపొచ్చింది. ఏడిస్తే ధనంజయ చేతులు ఆడవని ఆపుకుంది.

అతను పాత పళ్ళబ్రష్షు స్పిరిటులో ముంచి పిన్ను పిన్నూ రుద్దాడు. గుండుసూదితో గీకాడు. తెల్లగుడ్డ మీద ఎర్రటి పొడి రాలింది. ఆమె ఆ గుడ్డను మడిచి బ్యాగులో పెట్టుకుంది, పారెయ్యడానికి మనసొప్పక.

ఈసారి బటను నొక్కగానే నల్లటి తెరమీద వరసలు కదిలాయి. 0830. వాకిట్లో ఆయన గుర్తుపట్టాడు. పైలట్ అని పేరుపెట్టాడు. అంతే, ఆ తర్వాత ఏమీ జరగలేదు. తలుపు తీసుకున్నాక కూడా లోపలికి ఎవరూ రానట్టు తెర అలాగే నిలిచిపోయింది.

"ఇప్పుడేమైంది?"

"ఉండు, ఉండు. లోపలికైతే వచ్చినాడు." ధనంజయ తల గోక్కున్నాడు.

అప్పుడే మిషను మోగింది. బటను కూత కాదు, వేరే గంట. ధనంజయ అదిరిపడి చూశాడు. తెరమీద 'పంకజకి ఫోను' అని ఉంది. అతను పూర్తిగా చదివే లోపే పంకజాక్షి కలంతో తాకి ఆపేసింది.

"ఏంది వదినా అది?"

"మీ అన్న పెట్టుకున్నాడు. వారం వారం మోగతాది." కలం దాని గాడిలో దూర్చి, "దీని కోసరమే ధనంజయా నేను వచ్చింది. ఆ తోటలూ చెట్లూ పోతే పోనీ. ఇది ఆగిపోతే నాకు శుక్రవారం ఉండదు," అంది. తర్వాత, ఎన్నడూ ఎవరికీ చెప్పనిది, మూడుసార్లు మోగిన ఫోను సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. కోపంతో పోయినాడేమోనని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ బ్యాటరీ బొమ్మ వైపే చూసింది. బొమ్మలో ఎర్రగీత కూడా సన్నబడుతోంది.

ధనంజయ ఛ అనలేదు, అలా ఉండదులే అనలేదు. కంప్యూటరు వైపు తిరిగి, తెరమీది వరసలు మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

"రెండు తలుపులు," అన్నాడు. "ఈ మిషను వచ్చినప్పుడల్లా రెండు తలుపులు తీస్తాది వదినా. ఒకదాని నంబరు సున్నా, ఇంకోదాని నంబరు ఒకటి. మాటలు వచ్చేది రెండో తలుపులో. నేను మొదటి దాని కాడ కాచుకోని కూర్చున్నా." చీటీ తెరిచి, బేసి నంబరు తలుపుకే పైలట్ అని పేరు పెట్టమని మార్చాడు. ఒకసారి తప్పు కొట్టి, తిట్టుకుని మళ్ళీ కొట్టాడు. "నొక్కు వదినా. ఇదే ఆఖరు, మళ్ళీ నొక్కేంత ఉండదు."

ఆమె మనసులో తిరుచానూరు అమ్మవారిని తలుచుకుని నొక్కింది.

మిషను కూసింది. కంప్యూటరు పలికింది. ఒకటి, రెండు, మూడు అంటూ ఫైళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి దిగడం మొదలుపెట్టాయి. అడ్రసులు, క్యాలెండరు, నోట్లు. మధ్యలో ఒకచోట ఆగినట్టు ఆగి మళ్ళీ కదిలాయి. చివర అయిపోయిందని రాసుకుని, మిషను ఒకసారి హాయిగా కూసింది.

"వచ్చేసినాయి. అన్నీ."

మిషను తెర మరో అయిదు నిమిషాలు వెలిగి, మసకబారి, ఆరిపోయింది. పంకజాక్షి చూస్తూనే ఉంది. పదహారేళ్ళు పడనివ్వనిది కళ్ళముందే పడిపోయింది. లోపలిదంతా అటు చేరిపోయిందని తెలిసినా చెయ్యి చాచి దాని అద్దం ఒకసారి తుడిచింది. వెచ్చగానే ఉంది.

"రూలు తీసెయ్యనులే," అన్నాడు ధనంజయ. "ఈ కంప్యూటరు ఉన్నన్నాళ్ళూ, ఎప్పుడు తగిలించినా గుర్తుపడతాది." ఆ మిషను ఇక రానవసరం లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమెకు ఆ మాట బాగుంది.

అతను నోట్లు తెరిచి లెక్క చూసుకుంటున్నాడు. "నీ మిషన్లో నోట్లు ఎన్ని ఉండాయో తెలుసా?"

"నలభై రెండు. కల్లూరుతో మొదలు, పులిచెర్లతో ఆఖరు. నాకు నోటికొచ్చు."

"ఈడ నలభై మూడు ఉండాయే."

ఆమెకు అర్థం కాలేదు.

"ఒకటి దాచిపెట్టుకున్నాడు వదినా. పాస్‌వర్డు పెట్టి దాస్తే మిషన్లో కనిపించదు. కంప్యూటరులోకి లాగినప్పుడు ఆ దాపరికం వెంట రాదు, నోటు మాత్రమే వస్తాది." అతను దాన్ని తెరవబోయి, మొదటి వరస మాత్రం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ప్రతి నోటుకూ పైన తేదీ వెయ్యడం బాలచంద్ర అలవాటు. "పన్నెండు, ఆరు, రెండువేల తొమ్మిది. శుక్రవారం."

లారీ పడిన ముందురోజు. ఆమె ఎత్తని ఫోను రోజు.

"తెరిచేదా?"

కోపంతో పోయాడా లేదా అని పదహారేళ్ళుగా అడుగుతూ వచ్చింది నిజమే. జవాబు రాదన్న ధైర్యంతో అడిగింది. ఇప్పుడు జవాబు నాలుగు అంగుళాల దూరంలో ఉంది. కోపమే ఉంటే? దాచిపెట్టి మరీ రాసుకున్నాడంటే ఏదో గట్టిదే రాసుకుని ఉంటాడు. చూడకుండా ఇంటికి పోతే ఇన్నాళ్ళు బతికినట్టే బతకొచ్చు.

"తెరువు," అంది.

ధనంజయ తెరిచి, తెరను ఆమె వైపు తిప్పి, తను చూడకుండా లేచాడు. "టీ చెప్పొస్తా," అని మెట్ల కిందనుంచి వీధిలోకి పోయాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అతని నోట్లు చదివి చదివి ఆమెకు అలవాటే. అయినా ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

'పంకజ ఫోను ఎత్తలా. కోపం పోలా. తప్పు నాదే. మూడుసార్లు చేసినా. మూడోసారి ఎత్తదని తెలిసే చేసినా. మోటారు కొట్టం మిద్దెక్కితేనే ఈడ సిగ్నలు. మన ఇంట్లో గంట మోగతా ఉంటే నేనూ ఆడే కూర్చున్నట్టుండాది. దీపం వాసన కూడా వచ్చినట్టుండాది. కట్టయ్యేదాకా విన్నా. నగరి చీర, ఆకుపచ్చ, మామిడి పిందెల అంచు. మర్చిపోవద్దు. ఈ నోటు ఫ్యాక్టరీలో ఎవురూ చూడకూడదు.'

అంతే ఉంది. ఆమె మళ్ళీ చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. ఇన్నాళ్ళూ అతన్ని ఎక్కడో తోటలో ఒంటరిగా, బదులు లేని ఫోను పట్టుకుని, మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డట్టే ఊహించుకుంది. అతను ఆ సాయంత్రం ఇంట్లోనే ఉన్నాడు. ఆమె ఇక్కడ గంటలు లెక్కపెడుతుంటే అతను అక్కడ అవే గంటలు విన్నాడు. ఎత్తకపోవడం వల్ల అతనికి పోయిందేమీ లేదు. అది తెలియక పోయిందంతా ఆమెకే. ఆ మనిషి ఒక్కసారి ఎదురుగా ఉంటే బాగుండునని, ఎన్నడూ లేనంతగా అనిపించింది. చెంగు మొహానికి కప్పుకుని, షాపులో ఎవరూ లేరు కాబట్టి, గట్టిగానే ఏడ్చింది.

ధనంజయ టీ తెచ్చేసరికి చల్లారిపోయింది. కావాలనే ఆలస్యంగా తెచ్చాడని ఆమెకు తెలుసు.

"ఏం రాసినాడు?" అని అతను అడగలేదు. "ఆ గంట నీ ఫోనులో పెట్టిస్తా వదినా. అదే మాట, అదే టైము. ఎన్నాళ్ళకి పెట్టమంటావు?" అని అడిగాడు.

"ఎప్పటికీ," అంది పంకజాక్షి.

శనివారం తొమ్మిదికి కరెంటు పోయింది. వీధిలో అందరూ విసనకర్రలు పట్టుకుని అరుగులమీదికి వచ్చారు. పంకజాక్షి తలుపు దగ్గరికి వేసి, పదహారేళ్ళలో మొదటిసారి, పగటిపూట ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. మిషను ఖాళీ కడుపుతో దాని దిమ్మెమీద కూర్చుంది.

మరుసటి శుక్రవారం ఆమె దీపం పెట్టి, ఫోనును మిషను పక్కనే నిలబెట్టి కూర్చుంది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. నగరిది కాదు, ఇంట్లో ఉన్నదే. ఆరుంబావుకు ఫోను మోగింది. 'పంకజకి ఫోను' అని వచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యి ముందుకు పోయింది. మధ్యలో ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

రెండో గంట మోగింది. మూడోది మోగింది.

"పంకజా," అని గోడ అవతలి నుంచి నిర్మలమ్మ కేకేసింది, "ఫోను మోగతా ఉండాదే, ఎత్తవా?"

"మోగనీ అక్కా," అంది పంకజాక్షి. కట్టయ్యేదాకా వింది.